ఒంటి మీద వేసి చూడ్డం

గాలి పుట్టిన ఊరంటారు లియెపాయాని.
నవంబరు చివర నాలుక్కే పొద్దు గూకుతుంది.
మా గది కిటికీ సందులో
బాల్టిక్ సముద్రం సన్నగా ఈల వేస్తుంటుంది.

తెర మీద నలభై ఎనిమిది బొమ్మలు
తపాలాబిళ్ళల ఆల్బంలా బారులు తీరి.
ప్రతి బొమ్మలోనూ అదే నురుగు కాఫీ,
ల్యాప్‌టాప్ చూసి నవ్వే అదే అమ్మాయి,
ఏ దేశపు పటంలోనూ లేని అదే నీలికొండ.
థీమ్ ఎంచుకునే పేజీ ఇది.
ఆరేళ్ళ కిందట నేనే గీశాను,
గీసి, మీసం మెలేసినంత పని చేశాను.

ఇవాళ పావిలోస్తా నుంచి బస్సెక్కి
జిద్రా వచ్చింది.
డెబ్బయ్యొకటి. పొగబెట్టిన చేపలమ్ముతుంది.
కోటు విప్పి కుర్చీకి తగిలించగానే
గదంతా ఆల్డరు కట్టెల వాసన.
ఆమె వెబ్‌సైటు తొమ్మిదేళ్ళ నాటిది:
ఒక ధరల పట్టీ, ఒక ఫోన్ నంబరు,
కాస్త పక్కకి ఒరిగిన పొగగూడు ఫొటో.

మేం వెనక కూర్చోవాలి, నోరు మెదపకూడదు,
అదీ పరీక్ష నియమం.
ఇల్గ్వార్స్ పుస్తకం తెరిచి పెన్ను పట్టుకున్నాడు.
ఆమె బొమ్మల మీద బాణం గుర్తుని నడిపిస్తోంది
వేడి పెనం దగ్గరికి చెయ్యి పోనిచ్చినట్టు.
పన్నెండో బొమ్మ దగ్గర ఆగింది.
"చూద్దాం" అనుకుంటూ నొక్కింది.

"చూడు"కీ "మార్చు"కీ మధ్య
నేనుంచిన ఎడం బియ్యపుగింజంత.

రెండు నిమిషాలకి చేతిసంచిలో ఫోను మోగింది.
వెంట్స్‌పిల్స్ నుంచి ఎవరో పాత ఖాతాదారు:
"కొట్టు అమ్మేశావా జిద్రా?
చేపలు తీసేసి కాఫీ హోటలు పెట్టారేం?"

ఇల్గ్వార్స్ పెన్ను ఆగిపోయింది.
నకలు సైటు తెరవడం మరిచాడు. అసలుదే తెరిచాడు.
నా చెవులు వేడెక్కాయి.
ఆమె కోప్పడి ఉంటే బాగుండేది.
కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ అంది కదా:
"సంతలో కోటు కొనబోయినా
ముందు ఒంటి మీద వేసి చూసుకోనిస్తారు నాయనా.
మీరేంటి, చెయ్యి తగిలిందో లేదో
వీధిలో నిలబెట్టి పాతది విప్పేశారు!"

రాత్రి ఆ ఒక్క మాటతో కూర్చున్నాను.
ముందు కాఫీ కప్పు తీసేశాను.
తర్వాత నవ్వే అమ్మాయిని. క్షమించు తల్లీ, ఎవరి పిల్లవో.
కొండని తవ్వేశాను.
ఖాళీ అయిన ప్రతి చట్రంలోనూ
ఎవరు లోపలికొస్తే వాళ్ళ మాటలే పోశాను:
పొగబెట్టిన ఫ్లౌండరు, కిలో ఇంత,
శనివారం తొమ్మిదికి తెరుస్తాం.

అప్పుడు బయటపడింది అసలు రంగు.
పోజులు కొట్టిన రూపాల్లో ముప్పయ్యొకటి
చేపల ధరలు మోయలేక చతికిలబడ్డాయి.
కొన్నిటికి మా అక్షరాల కింది కొక్కేలే తెలీవు.
ఇంకొన్నిట్లో పేరు మీది గీత రాలిపోయి
పావిలోస్తా
కొమ్ము విరిగిన ఆవులా నిలబడింది.
ఇన్నాళ్ళూ వీటినా నేను వరసలో పెట్టి
ఏరుకోమన్నది?

"పేజీ బోసిగా ఉందే" అంది మా పై అధికారి సర్మీతె.
"అవును" అన్నాను.
"మార్చు"ని దూరంగా అడుక్కి దించాను.
నొక్కాక నెల్లాళ్ళపాటు నెత్తిన కనిపించేలా
"పాతది తిరిగివ్వు" అని ఇంకోటి,
అంతే లావు అక్షరాల్లో.

డిసెంబరులో జిద్రా మళ్ళీ వచ్చింది.
ఈసారి నకలు సైటేనా కాదా, ముగ్గురం చూసుకున్నాం.
మిగిలిన పదిహేడూ ఒక్కొక్కటే వేసుకుంది.
నీలం వేసుకుంది, విప్పింది.
నల్లదాన్ని చూసి
"దాచిపెట్టండి, నా చావుకి పనికొస్తుంది" అని నవ్వింది.
ఐదోదాని దగ్గరికి తిరిగొచ్చి
కళ్ళు చికిలించి ముందుకి వంగింది.
నచ్చిందనుకున్నాం.

"శనివారం పదింటికి కదా నేను తెరిచేది?
తొమ్మిదని ఎప్పట్నుంచి ఉందిది?"

తొమ్మిది చెరిపించి పది చేయించింది.
ఒరిగిన పొగగూటిని నిటారుగా నిలబెట్టించింది.
పాత రూపమే ఉంచుకుని కోటు తొడుక్కుంది.

ఇల్గ్వార్స్ "మార్పు లేదు" అని రాసి
నా వైపు చూశాడు.
"కొట్టెయ్" అన్నాను.
ఏం రాయాలో మాత్రం తోచలేదు.
ఆమె బల్ల మీద వదిలివెళ్ళిన కాగితప్పొట్లం విప్పి
చెరో ముక్కా తిన్నాం.
మూడు రోజులు
కీబోర్డంతా పొగ వాసన.