పావు మాత్ర

గేదెల డాక్టరుగారు చీటీ మీద
ఎస్తేరమ్మ అని నా పేరే రాశారు.
పిల్లి పేరు రాసే గడి లేదట.
"మాత్రని నాలుగు చెయ్యమ్మా,
పూటకో ముక్క, పది రోజులు.
మధ్యలో మానేశావా, మళ్ళీ మొదటికొస్తుంది" అన్నారు
గుంజకి కట్టేసున్న పెయ్యదూడ చెవిలోకి చూస్తూ.

వశిష్ఠలో ఎర్రనీరు దిగిన వారం అది.
బుగ్గి మెడకింద నిమ్మకాయంత గడ్డ, చీము.
రొయ్యల చెరువు గట్టున
ఏ గండుపిల్లితోనో పేచీ పడుంటుంది.
అది చెప్పలేదు, నేనడగలేదు.

చాకుతో కోస్తే మాత్ర నాలుగవలేదు.
రెండు ముక్కలైంది, కాస్త పొడైంది,
మిగిలింది ఎటు ఎగిరిందో కనబడలేదు.
లేసు దారం తెంపే చిన్న కత్తెరకి లొంగింది.

మొదటి పూట మెత్తళ్ళ కూరలో పెట్టాను.
చేప తిన్నది, ముల్లు తిన్నది,
మాత్రని మాత్రం పళ్ళెం అంచున
చిల్లర లెక్కెట్టి తిరిగిచ్చినట్టు పెట్టి వెళ్ళింది.

రెండో పూట పాలు.
కళ్ళు మూసుకుని తాగుతుందంటారే, అబద్ధం.
నా మొహంలోకే చూస్తూ తాగింది.
గిన్నె అడుగున ముక్క అలాగే ఉంది.

ఇక లుంగీ తీశాను.
మా ఆయన పాత గళ్ళ లుంగీలో
పురిటిబిడ్డని చుట్టినట్టు చుట్టి
మోకాళ్ళ మధ్య ఇరికించుకుని
దవడ మూల వేలు దూర్చి
నాలుక వెనక్కి ముక్క జారవిడిచి
గొంతు కింద నిమురుతూ కూర్చుంటాను.
మింగు తల్లీ.
మింగవే.
మింగినట్టే ఉంటుంది.
వదలగానే సఖినేటిపల్లి రేవులో
పంటు ఆగకముందే దూకే కుర్రాళ్ళలా ఒక్క గెంతు,
మంచం కింద నురగ.

అయిదో రోజు నా చూపుడువేలు చీరేసింది.
గుడ్డపీలిక కట్టుకుని అల్లితే బిగువు రాదు.
పీలిక విప్పేసి అల్లాను.
శనివారం నూకరాజొచ్చి
పన్నెండు గుడ్డలూ గుమ్మంలో వెలుతురుకెత్తి చూసి
ఒక పువ్వు నడుమ
ఆవగింజంత ఎర్రచుక్క దగ్గర ఆగాడు.
"దేశాలు దాటి పోయే సరుకండీ ఇది."
పదకొండింటికే డబ్బులిచ్చాడు.
పిల్లికి బిచ్చం పెట్టే మనిషి కాదు నూకరాజు.
నా పిల్లి అతన్నేమీ అడగనూ లేదు.

నిమ్మచెక్క రుద్దాను, ఉప్పు రుద్దాను.
చుక్క టీ రంగుకొచ్చి అక్కడే ఉండిపోయింది.
ఆ గుడ్డ ఇప్పుడు మందుల డబ్బా మీద కప్పాను.

పది రోజులకి గడ్డ ఆరింది.
ఆ చోట బూడిదరంగు కాదు,
తెల్లవెంట్రుకలు మొలుస్తున్నాయి.
మొన్న ట్రంకుపెట్టె జరిపి ఊడుస్తుంటే
దుమ్ములో ఆరు పావు ముక్కలు దొరికాయి.
మరి దేనికి తగ్గినట్టు?
డాక్టరుగారిని అడగలేదు.
అడిగితే మళ్ళీ మొదలెట్టమంటారేమో.

ఒళ్ళోకి మాత్రం ఇంకా రావడం లేదు.
నా బీపీ మాత్ర అట్ట చిటుక్కుమంటే చాలు,
ఎక్కడున్నా బీరువా వెనక్కి దూరిపోతుంది.

అందుకని రాత్రి అన్నం తిన్నాక
పెరట్లో చేతిపంపు చాటుకెళ్ళి
కొంగులో పెట్టి మెల్లగా నొక్కుతాను అట్టని.
నీళ్ళు లేకుండానే వేసుకుంటాను.
ఒక్కోసారి అది సగంలో అడ్డంపడితే
మెడ పైకెత్తి
నా గొంతు నేనే నిమురుకుంటాను,
మింగవే, మింగు.