దగ్గరి బొమ్మ

గాజుబల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టాడు కుర్రాడు.
ఒకటి వెండి రంగు, ఒకటి నలుపు.
"ఇది పది మెగాపిక్సెలండి, ఇది పన్నెండు."
డజనుకింత అని ముక్కల కూలి
ఇరవై రెండేళ్ళుగా లెక్కేసినదాన్ని,
అర్థం కాని లెక్క దగ్గర తలాడించడం కూడా
ఆ పనిలోనే నేర్చుకున్నాను.

సువార్తకి ఆ మొహమాటం లేదు.
"పన్నెండయితే బల్లగుడ్డ మొత్తం పడుద్దా బాబూ,
అంచులు కోసేస్తదా?"

రెండింటికీ తేడా పదకొండొందలు.
పదకొండొందలంటే
నలభై నంబరు దారం ఎన్ని ఉండలో
మా ఇద్దరికీ నోటికొచ్చు. అందుకే పైకి అనలేదు.

నల్లదాన్ని గుమ్మం దాకా తెచ్చి
రేవు వైపు తిప్పి మీట జరిపాడు.
తల తలా ఆనించి చూశాం.
గోదారి ముడుచుకుంది.
దుప్పటి మడతేసినట్టు అంత నీరూ ఎటు పోయిందో,
సఖినేటిపల్లి గట్టు వచ్చి
నా బొటనవేలు పక్కన నిలబడింది.
పంటు కోసం చూస్తున్న ఒకాయన,
సైకిలు వెనక కట్టిన కోళ్ళగంప,
గంపలోంచి పైకి లేచిన ఒక ఎర్రటి జుట్టు.
ఆయన వీపు గోక్కున్నాడు.
నేను చూశానని ఆయనకి తెలీదు.

ఎన్నేళ్ళయిందో నా కళ్ళు అంత దూరం వెళ్ళి.
జానెడు దూరంలో సూదిమొన, దాని చుట్టూ దారం,
పొద్దు వాలేదాకా వీధరుగు, ఆపైన బల్బు.
ఇంతే నా కళ్ళు నడిచిన నేల.
సరే, ఇదే కొందామని
నాలిక చివరిదాకా వచ్చింది.

అప్పుడు సువార్త సంచీలోంచి పొట్లం తీసింది.

నల్లగుడ్డ తేవడం మరిచాం.
కొట్టు నడిమధ్య గొడుగు విప్పి
దాని మీద పరిచాం లేసుని.
టీవీ బేరం చేస్తున్నాయన
కప్పు కారుతుందేమోనని పైకి చూశాడు.

నల్లది తీసింది. తెలుపంతా కలిసిపోయి
సున్నం కొట్టిన గోడ.
వెండిదానికి పువ్వు గుర్తు నొక్కి,
ఊపిరి బిగబట్టి, జానెడు దగ్గరికి వంగాడు కుర్రాడు.
తెర మీద గొలుసు, గొలుసులో కన్ను,
కన్నులోంచి దూరిన పోగు, పోగుకి లేచిన నూగు.
లెక్కపెట్టాను.
ఆరు, సందు, ఆరు, సందు, నాలుగు.
నాలుగా?
"ఆ వరస నాదే" అంది సువార్త, ఫ్యాన్ల వైపు చూస్తూ.

పోయినేడు బొంబాయికి పద్నాలుగు నమూనాలు పంపాం.
ఆర్డరూ రాలేదు, ముక్కలూ రాలేదు.
అందులో కరుణమ్మత్త అల్లిన చేపపొలుసు ఉంది.
ఆవిడ దాని లెక్క ఎవరికీ చెప్పలేదు. అడిగితే
"వేళ్ళకి తెలుసు, నాకేం తెలుసే" అనేది.
ఆ వేళ్ళు మొన్న మట్టలాదివారం ముందురోజు వెళ్ళిపోయాయి.
ఇంత దగ్గరగా తీసిన బొమ్మ
ఒక్కటుంటే
కుట్టు కుట్టూ లెక్కపెట్టుకుని
మళ్ళీ సూది మీదకి ఎక్కించేవాళ్ళం.
సంఘం ఫొటోలో ఆవిడ ఉంది, ఒళ్ళో లేసూ ఉంది,
పాలు ఒలికిన మచ్చలాగ.

"వెండిదే ఇవ్వు" అన్నాను.
"దూరం అంత బాగా రాదండి దీంట్లో, తర్వాత అనుకోకండి."
"దూరం కొనేవాళ్ళు లేరు నాయనా."
పెన్సిలు సెల్లులతో నడుస్తుందట, అదీ నయమే.
మా ఊళ్ళో కరెంటు కంటే
కిరాణాకొట్టు ఎక్కువసేపు ఉంటుంది.
ఎంత బేరమాడినా తగ్గలేదు గానీ
సంచీ ఊరికే ఇచ్చాడు.

సీతారామపురం ఆటోలో పెట్టె నా ఒళ్ళో,
గొడుగు సువార్త ఒళ్ళో.
తప్పిన కుట్ల సంగతి నేనూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు.
కాలవ వంతెన దాటాక
ఉన్నట్టుండి అంది:
"వదినా, ఆ కోళ్ళగంపాయన
పంటు ఎక్కుంటాడంటావా?"