ఆగస్టులో ఉన్ని టోపీ

లూసియో మొదటిసారి వచ్చినప్పుడు
నా దువ్వెన పళ్ళు రెండు విరిగాయి.
సెతూబల్ రేవు మొత్తంలో అంత జుట్టున్న కుర్రాడు లేడు.
సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చాడు,
తలంతా చేపనూనె వాసన.
"పొట్టిగా కొట్టు, బరువుగా ఉంది" అన్నాడు.

ఆ బరువు ఎక్కువ కాలం మోయలేదు.

ఇరవై నాలుగో ఏట కణతల పైన
రెండు గుమ్మాలు తెరుచుకున్నాయి.
ముందుగా తెలిసింది అతనికి కాదు, నా కత్తెరకి.
అక్కడ చప్పుడు మారింది.
మందపు వెంట్రుక కరకరమంటుంది,
సన్నబడ్డది ఊరికే వంగిపోతుంది.

ఇక నిందితుల జాబితా మొదలు.
హెల్మెట్టు. సముద్రపు ఉప్పుగాలి.
అత్తగారిచ్చిన సబ్బు. రాత్రి షిఫ్టు.
బోడిగుండుకీ మోకాలికీ ముడి అన్న మాట
సరిగ్గా ఇందుకోసమే పుట్టిందేమో.

ఒకరోజు మెడ మీద బ్రష్షు ఆడిస్తూ చెప్పాను:
లూసియో, రాలింది మళ్ళీ మొలుస్తూనే ఉంది.
కాకపోతే ప్రతిసారీ ఇంకొంచెం సన్నగా,
వచ్చీరాగానే చెప్పులేసుకునే చుట్టంలా.
చివరికి మిగిలేది నూగు,
పసిబిడ్డ భుజం మీద ఉంటుందే, అది.
నీ గొంతు బొంగురు చేసి, గడ్డం నల్లగా దింపిన రసంలోంచి పుట్టిందే
నడినెత్తి కుదుళ్ళని కుదించేస్తోంది.
ఒకే వాన: కింద పచ్చిక, పైన కరువు.

"మరి వెనకాల?"

వెనక కుదుళ్ళు చెవిటివి.
ఆ రసం ఎంత అరిచినా వాటికి వినపడదు.

ముప్ఫై ఐదుకి సుడి దగ్గర నాణెమంత వెలుగు.
వెనక అద్దం పట్టి చూపించడం మానేశాను.
నలభై మూడుకి గుమ్మాలు నాణెం వైపు నడిచాయి.
మధ్యలో మిగిలిన వంతెన ఒక చలికాలం నిలబడింది,
తర్వాత లేదు.
ఆటుపోట్లతో పోల్చాడు బెంచీ మీది జాలరి ఒకడు.
తప్పు. ఆటు తర్వాత పోటు వస్తుంది.

"నుదుటి రాతకి చోటు పెరిగిందిలే"
తనే అన్నాడు, తనే నవ్వాడు.
పక్క కుర్చీలో అతని తమ్ముడు జెర్వాజియో నవ్వలేదు.
ఒకే అమ్మ, ఒకే నాన్న,
చేతికొచ్చిన చీట్లు వేరు.
తమ్ముడి తల ఇప్పటికీ గడ్డివాము.

నాకు డెబ్బై ఒకటి.
నా జుట్టు, ఎవరి పుణ్యమో, కదల్లేదు.
అందుకే లూసియో షాపులో ఉన్నంతసేపు
చలి చలి అంటూ ఉన్ని టోపీ పెట్టుకుంటాను.
ఆగస్టులో కూడా.
ఎందుకని అతనెప్పుడూ అడగలేదు.

నిన్న కూతురు ఇల్డాతో కలిసి మనవణ్ణి తెచ్చాడు.
ఆరేళ్ళు, మొదటి కటింగు, కళ్ళనిండా నీళ్ళు.
ఇల్డా జుట్టు నడుము దాకా.
తండ్రి ఇచ్చిన చీటీ ఆ ఒత్తు కింద
విప్పకుండా దాచుకునే ఉంటుంది.
కొడుక్కి అదే అందించిందో, తల్లి తరఫుదో,
బొమ్మా బొరుసా, ఇప్పుడే ఎవరు చెప్తారు?

దువ్వెన పెట్టాను.
ఇరుక్కుంది.

లూసియో బెంచీ మీంచి లేచి వచ్చి
ఆ దువ్వెన వంక కాసేపు చూశాడు.
"టోపీ తియ్యవయ్యా ఎర్మీనియో,
పిల్లాడు భయపడుతున్నాడు.
అయినా ఎన్నేళ్ళని చెమటోడుస్తావు?"