లెక్కలో లేని గంట

సఫోక్ తీరాన, థార్ప్‌మియర్ చర్చి గోపురంలో
ఎనిమిది తాళ్ళు.
ఏడు గంటలు చోట్లు మార్చుకుంటూ పోతాయి.
ఎనిమిదోది, అన్నిటికంటే బరువైనది, నాది.
అది కదలదు.
ప్రతి వరుస చివరా ఒక్క మోత, అంతే.

దారినపోయేవాళ్ళు పాట అనుకుని తలెత్తుతారు.
పాట కాదు, లెక్క.
ఏడు గంటల్ని ఎన్ని రకాలుగా వరుసపెట్టొచ్చో
అన్ని రకాలూ, ఏ ఒక్కటీ మళ్ళీ రాకుండా:
ఐదువేల నలభై.
ఏడు గంటలకి మూడు గంటలు పడుతుంది.
మధ్యలో తుమ్మడానికి వీల్లేదు.

ఐదో తాడు ఓబెడ్ మ్యూటిమర్‌ది.
పగలు బీట్ చక్కెర ఫ్యాక్టరీలో లారీలు తూచేవాడు,
సాయంత్రం ఈ అంకెని తూచేవాడు.
"ఒకటి నుంచి ఏడు దాకా గుణించుకుంటూ ఎక్కు, హెస్బా.
పది నుంచి ఏడు దాకా గుణించుకుంటూ దిగు.
రెండు దారులూ ఇదే గుమ్మానికి చేరతాయి."
ఒకటి మొదలు పది వరకు ఎవరొచ్చి అడిగినా
చిల్లర మిగల్చకుండా పంచిపెడుతుందట.
పదకొండొస్తే మాత్రం రెండు మిగిలిపోతాయి.
"పోనీలే," అనేవాడు, "నాకూ ఒక బావమరిది ఉన్నాడు."

ఇరుగుపొరుగు సంగతీ అతనే చెప్పాడు.
ఇటు పక్క ఐదువేల ముప్పై తొమ్మిది,
ఎవరికీ తలుపు తియ్యని ప్రధాన సంఖ్య.
అటు పక్క ఐదువేల నలభై ఒకటి,
డెబ్బై ఒకటి పొడవు, డెబ్బై ఒకటి వెడల్పు,
పలకలు సరిగ్గా పరిచిన నేల.

అరవై మూడు జనవరిలో సముద్రం అంచు గడ్డకట్టినప్పుడు
ఓబెడ్ పోయాడు.
డెబ్బై ఒకటో ఏట పోయుంటే చెప్పుకోడానికి బాగుండేది.
అరవై ఎనిమిది. న్యుమోనియా.

ఒక మనిషి పోతే ఎంత తగ్గాలి?
ఒకటి అనుకున్నాం.
ఆరు గంటలకి ఏడువందల ఇరవై.
మిగతా నాలుగువేల మూడువందల ఇరవై వరుసలూ
అతని కోటు జేబులో వెళ్ళిపోయాయి.
అరగంటలో అంతా అయిపోయేది.
చేతులు ఏం చెయ్యాలో తెలీక నిలబడేవాళ్ళం.

"నువ్వు ఐదోది పట్టు," అంది యూనిస్ పాస్క్.
ముప్పై ఒక్కేళ్ళుగా నాకు తెలిసింది ఒకటే చోటు.
ముందు ఎవరైనా సరే, చివర నేను.
ఐదువేల నలభైలో నన్నెవరూ లెక్కపెట్టలేదు,
నేనూ అడగలేదు.

వంటింటి బల్ల మీద ఏడు టర్నిప్ దుంపలు పేర్చి నేర్చుకున్నాను.
ఒక్కో వరుసకి ఒక్క అడుగు,
ముందుకో, వెనక్కో, లేదా ఉన్నచోటే.
ఎవరూ ఎవర్నీ దూకి పోకూడదు.
మా ఆయన ఆకలేసి ఒకటి కోసేశాడు,
ఆ రాత్రికి ఏడువందల ఇరవైతో సరిపెట్టుకున్నాను.

జూన్ శనివారం మొదలుపెట్టాం.
పెద్దగంట పైన మూగగా ఉంది.
ముగింపు మోత లేక ప్రతి వరుసా
క్రియ లేని వాక్యంలా గాల్లో నిలిచిపోయేది.
రెండు గంటలు గడిచాక ఎక్కడో
యూనిస్ వెళ్ళాల్సిన చోటికి నేను వెళ్ళాను.
ఇద్దరం ఒకేసారి మోగాం.
"ఆపండి," అన్నాడు ఎడ్రిక్ థర్కెటిల్.

గోడ మీద పలక ఎక్కదు, అందులో మా పేర్లుండవు.
ఎవరూ ఏమీ అనలేదు.
కిందికి దిగి బీరు తాగారు.

నేను కాసేపు పైనే ఉన్నాను.
చివరన నిలబడ్డవాళ్ళు దారి తప్పలేరు;
ఇవాళ తప్పాను.
ఐదో తాడు మీది ఊలు పట్టు
అతని చేతి వెడల్పున అరిగి ఉంది.
నా చెయ్యి చిన్నది. జారుతోంది.