అక్షరానికి ముప్పై

కాగితం మీద ఒకటే గీశారు: చదరం.
ఏ పక్క చూసినా నాలుగడుగులు.
పూలేవి? అంచుకి తీగేది? పేరు ఎక్కడ తవ్వాల?
కాగితం తిప్పి చూశా. వెనక కూడా ఏం లేదు.

"అంతే మేస్త్రీ," అన్నాడు చిరంత్,
బెంగుళూరు నించి డ్రాయింగు తెచ్చిన కుర్రోడు,
చీమకుర్తి ఎండకి ముక్కు మీద తోలు లేచింది.
"దీన్ని మినిమలిజం అంటారు.
ఎంత తీసేస్తే అంత గొప్ప.
చెయ్యి పడ్డట్టే కనపడకూడదు."

చెయ్యి పడ్డట్టు కనపడకుండా ఉండాలంటే
ఎన్ని చేతులు పడాలో
ఆ కాగితంలో రాయలేదు.

క్వారీ మెట్ల మీంచి దిమ్మెను విడదీసింది వజ్రాల తీగ.
రంపం కింద రాత్రంతా బూడిదరంగు నీళ్ళు.
తర్వాత నా వంతు.
అరవై బిళ్ళ, నూట ఇరవై, రెండొందల ఇరవై,
నాలుగొందలు, ఎనిమిదొందలు,
ప్రతి బిళ్ళా ముందుదాని గీతల్ని తుడిచి
తన గీతలు పెట్టిపోద్ది.
మూడువేల బిళ్ళ దగ్గరికొచ్చేసరికి
తుడవడానికి మిగిలింది నేనొక్కణ్ణే.

పదకొండు రోజులు.
టీ తెచ్చిన మస్తాన్‌బీ నవ్వింది:
"ఏంది మాలకొండయ్యా, ఏమీ లేని పనికి ఇన్నాళ్ళా?"
ఏదన్నా ఉంటే ఎప్పుడో అయ్యేదమ్మా అన్నా.
పువ్వు చెక్కితే తప్పు పోయి పువ్వు కింద దాక్కుంటది.
అక్షరం తవ్వితే కన్ను అక్షరం మీదే ఆగుద్ది.
ఏమీ లేనిచోట
వెంట్రుకంత వంపు కూడా కేకేస్తది.

పన్నెండో రోజు దాన్ని చూశా.
ఎవురూ చూడమనలేదు.
నలుపులో బంగారు రవ్వలు,
అవి మనం పెట్టినయ్యి కాదు, తియ్యమన్నా రావు.
షెడ్డు రేకులు, క్రేను కొక్కెం, తీగ మీద కాకి,
దుమ్మో నెరుపో తెలీని నా గడ్డం,
అన్నీ నడిచొచ్చి అందులో నిలబడ్డాయి.
బాగుంది.
అబద్ధమెందుకు, చాలా బాగుంది.
ఇరవయ్యారేళ్ళలో ఒక రాయి
నన్నేమీ అడక్కపోవటం అదే మొదలు.

ఏసోబు గుర్తొచ్చాడు అప్పుడే.

నా పక్క మిషనే. ముక్కుకి తువ్వాలు చుట్టి
నీళ్ళు లేని కోత కోసేవాడు.
ఒంగోలు పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీసి
పటం వెలుగుకి పెట్టారు.
నల్లటి దాంట్లో తెల్ల రవ్వలు.
అచ్చం మా రాయే.

పలక మేమే ఇచ్చాం, మూల విరిగింది.
పాలిష్ నేనే పట్టా.
అక్షరాలు మాత్రం బయట కొట్టించాల,
అక్షరానికి ముప్పై.
మార్తమ్మ వేళ్ళ మీద లెక్కేసింది,
ఇంటిపేరు, పేరు, పుట్టింది, పోయింది, కింద ఒక వాక్యం.
వేళ్ళు మూడుసార్లు తిరిగొచ్చాయి.
చిన్నోడి ఫీజు ఆ నెల్లోనే.
"ఊరకే పెట్టండన్నా," అంది.
"మాకు తెలుసుగా ఎవురో."

బూదవాడ దారిలో, తుమ్మచెట్ల వెనక,
ఆ పలక మీద ఏమీ లేదు.
దాన్ని ఏ ఇజమంటారో
చిరంత్‌ని అడుగుదామనుకున్నా.
మంచి పిల్లోడు. అడగలేదు.

మార్చిలో ఫొటో పంపాడు.
తెల్ల గది. మధ్యలో మన నలుపు.
పక్క గోడకి అరచేతంత అట్ట,
కళాకారుడి పేరు, సంవత్సరం, నల్లరాయి.
ఎన్నో లెక్కెట్టా. ముప్పై ఒక్క అక్షరం.
తొమ్మిదొందల ముప్పై.

వేళ్ళతో లాగి పెద్దది చేశా.
రాతి కుడి మొహంలో ఒక మడత కుర్చీ,
కుర్చీలో నీలం చొక్కా కాపలా మనిషి,
బూటు విప్పి అరికాలు ఒత్తుకుంటా.
ఫొటో తీసినాయన చూసినట్టు లేదు.
రాయి వదల్లేదు.

ఆదివారం తడిగుడ్డ పట్టుకుని బూదవాడ దారిన పోయా.
దుమ్ము తుడుస్తుంటే
ముందు తుమ్మకొమ్మ వచ్చింది, తర్వాత నా చెయ్యి.
వెనక ఎవురో దగ్గారు.
గుడిలో ప్రార్థనయ్యి నేరుగా వచ్చినట్టుంది మార్తమ్మ,
బైబిలు చంకలో పెట్టుకుని
పలకలోకి వంగి చూసుకుంటా
జారిన ముడి బిగించుకుంటా ఉంది.