రెండు చెంచాల రాయి

మా వైపు నేల చెప్పాపెట్టకుండా దిగిపోతుంది.
బిర్జాయ్ చుట్టుపక్కల చంటిపిల్లకైనా తెలుసు:
అడుగున జిప్సం, ఆ అడుగున నీళ్ళు.
నీళ్ళు రాయిని నాకుతూ నాకుతూ
ఒక రాత్రి ఎవరి కంచెనో, ఎవరి దూడనో
గుటుక్కుమనిపిస్తాయి.

ఈసారి మార్చిలో
గింటౌటస్ చక్కెరదుంపల చేలో పడింది గుంట.
మొదట బండి చక్రం పట్టేంత,
ఆదివారానికి బండి పట్టేంత.
"పాతాళానికి కిటికీ" అని నవ్వి
పెంటా, పాత టైర్లూ అందులోకే తోశాడు.
నేనేమీ అనలేదు.
మా బావి అక్కడికి రెండొందల అడుగులు.

మే నెలలో ల్యాబ్ కాగితం వచ్చింది.
నైట్రేట్లు, ఉండదగ్గ హద్దుకి రెండింతలు.
స్కూలు బస్సు నడుపుతాను, కాగితాలు కొత్త కాదు.
మా నీళ్ళకి ఇంకొకరు మార్కులు వేయడం కొత్త.
మరిగిస్తే పోదా అని ఫోన్‌లో అడిగాను.
"మరిగేకొద్దీ చిక్కబడుతుందండీ" అంది అవతలి గొంతు,
పాలు కాచడం రానిదానికి చెప్పినట్టు.

మామగారు యోకూబస్ ఉన్నన్నాళ్ళూ
నీటికి పరీక్ష అంటే అరచేయి.
బకెట్లో ముంచి, నాలుక కొసకి తాకించి
"కరుకుగా ఉంది, మంచిదే" అనేవాడు.
ఫిల్టరంటే రై గడ్డి.
తొట్టి అడుగున అడ్డంగా ఓ వరస, నిలువుగా ఓ వరస,
పైన పొయ్యిలో కాల్చిన బార్లీ ముద్ద,
కింద కొయ్య బిరడా కాస్త వదులు చేస్తే
తేనె రంగు దారం, తెగకుండా.
తొందరపడి లాగావా,
గడ్డి గొంతు బిగుసుకుంటుంది, పూటంతా పోయినట్టే.

గడ్డి ఆపేది పొట్టుని.
పక్క చేని ఎరువుని ఏ గడ్డి ఆపుతుంది?

మొదట బొగ్గు ఫిల్టరు కొన్నాను, వారం జీతం పెట్టి.
క్లోరిన్ వాసన పోగొట్టునని పెట్టె మీద ఉంది.
మా బావిలో క్లోరిన్ ఎన్నడుందని!
లేని రోగానికి మందు మింగినట్టయింది.

ఆ తర్వాత పొర ఉన్న యంత్రం.
సింకు కింద చుట్టలు చుట్టుకుని పడుకుంటుంది.
నాలుగు లీటర్లు తాగి ఒకటి ఇస్తుంది,
మూడు కాలవలోకి ఉమ్మేస్తుంది.
ఆ ఒక్కటీ తాగి చూస్తే,
ఎవరూ లేని ఇంట్లో లైటు వెలుగుతున్నట్టు.

దాంతోనే జూన్ పండక్కి బీరు కాచాను.
అదే బార్లీ, అవే హాప్స్,
మామగారు గుడ్డలో ఆరబెట్టి దాచిన ఈస్టు పిల్లల పిల్లలే.
మంట చుట్టూ కూర్చుని అందరూ బాగుందన్నారు.
ఆడబడుచు జివిలె ఒక్కత్తే గ్లాసు గడ్డిలో పెట్టి
"వదినా, ఇది ఎక్కడి బీరు?" అంది.
ఎలా ఉందో కాదు. ఎక్కడిదని.

వారం తిరక్కుండా పోస్టులో పొట్లం తెప్పించాను.
తెల్లటి పొడి. మీద అచ్చు అక్షరాలు:
జిప్సం, బీరు కాచేవారి కోసం. వంద గ్రాములు.
తపాలా ఖర్చులు అదనం.

నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.
నా చెప్పుల కింద కొండంత ఉంది అదే రాయి,
రేపో మాపో మా కొట్టాన్ని మింగబోయేదీ అదే.
ఇన్ని తరాలు తోడి, కాచి, పులియబెట్టి
పెళ్ళిళ్ళకీ చావులకీ మేం తాగింది
మా కాళ్ళ కింది నేలనే.
దిగిపోక ఏం చేస్తుంది?

ముప్పై లీటర్లకి రెండు చెంచాలు.
వేలితో చదును చేసి వేశాను.
అంత త్వరగా కరగదది,
తిరిగి తిరిగి అడుగుకి చేరుతుంది,
గరిటె పెడితే మళ్ళీ మబ్బులా లేస్తుంది.

నిన్న గింటౌటస్ వచ్చాడు,
గుంట చుట్టూ కంచె వేశానని చెప్పడానికి.
మరి టైర్లో అని అడగబోయి గ్లాసు చేతికిచ్చాను.
తాగి, మీసం తుడుచుకుని
"అచ్చం మీ మామగారిదే" అన్నాడు.
"కాదు, పోస్టులో వచ్చింది" అన్నాను.
అర్థం కాక ఇంకో గ్లాసు అడిగాడు.

పోశాను.
సింకు కింద యంత్రం నాలుగు తాగి
ఒకటి నాకిచ్చి,
మూడింటిని పల్లం చూసి వదులుతోంది.
పల్లం అతని చేను వైపే.