సందు

మొదటిది జనవరిలో పగిలింది.
బాలానగర్ షెడ్డులో, పొద్దున్నే,
ఆఖరి రంధ్రం దగ్గర
టిక్, అంతే.
వెంట్రుకంత గీత
చూస్తుండగానే మూలదాకా నడిచింది.
పదకొండు వేలు.

రెండోదానికి ఖదీర్ భాయ్‌ని పిలిచాను.
ముప్పై ఏళ్ళుగా దుకాణాల పేర్లు
అక్రిలిక్‌లో కోసినవాడు.
విమానం వంక చూడనే లేదు.
షీటు అంచును బొటనవేలితో తడిమి
"సలికి కొయ్యొద్దమ్మా, ఎండ ముదరనియ్యి" అన్నాడు.

ఏప్రిల్ దాకా ఆగాం.
రేకుల కప్పు కింద చెమటలు కారుతుంటే
డ్రిల్లు బిట్టు మొనను రాతికి రుద్ది
మొద్దు చేశాడు.
పదునైతే కొరుకుతుందట, మొద్దుదైతే గీకుతుందట.
ఆహిస్తా, ఆహిస్తా,
తెల్లటి పొట్టు కొబ్బరి కోరులా రాలింది.

బోల్టుకన్నా రంధ్రం పెద్దది చేశాడు.
లూజవుతుంది కదా అన్నాను.
"ఎండకు పెరుగుతది, పైన సలికి ముడుసుకుంటది.
మెసిలే జాగ లేకుంటే దేనికైనా పగులే."

బిగించాక ఒక్కో నట్టునూ
పావు చుట్టు వెనక్కి తిప్పాడు.
బిగించడమే పని అనుకున్నదాన్ని,
స్పానర్ పట్టుకుని ఊరకే నిలబడ్డాను.

కాగితం ఒలిచాం.
సబ్బునీళ్ళు, పాత బనీను గుడ్డ.
అద్దం మాయమైంది.
దాని అవతల సగం ఎత్తిన షట్టరు, కరెంటు తీగలు,
బిర్యానీ పొట్లాలు తెచ్చిన కుర్రాడు.

భాయ్ అప్పుడు లోపలికెక్కి కూచున్నాడు.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత అద్దాన్ని లోపలినుంచి వేలితో తట్టి
"దీని మీద పేరేం రాయాలె?" అన్నాడు,
అలవాటుకొద్దీ.